శ్రీరంగపట్నం సొమ్ము చివరికి ఎవరి చేతికి చేరింది?

గైడు మీకు చెప్పినదాంట్లో సగమే నిజం. 1799లో ఇంగ్లీషు సోల్జర్లు టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నాన్ని కొల్లగొట్టి తరతరాలకు సరిపడా వెనకేసుకున్నారని అతను అన్నాడని రాశారు. అది నిజమేనా, అధికారులు ఎందుకు ఆపలేకపోయారు, అందులో మన తెలుగువాళ్ళు ఉన్నారా, ఇప్పుడు చట్టం ఏమంటుంది అని అడిగారు. చివర్లో బెంగళూరు అవెన్యూ రోడ్డు దగ్గర ఎవరో అమ్మజూపిన 'టిప్పు సైనికుడి బాకు' సంగతి కూడా ప్రస్తావించారు. కొల్లగొట్టిన మాట వాస్తవం. వెనకేసుకున్నది మాత్రం సోల్జర్లు కాదు.

నేను ఉద్యోగమంతా సైనిక ఖాతాల శాఖలో చేసి బెంగళూరులోనే స్థిరపడ్డవాణ్ణి. జీతాల బిల్లులు, బత్తా (భత్యం) బిల్లులు తిరగేసిన అలవాటు వల్ల చరిత్ర పుస్తకం తెరిచినా నా కన్ను ముందు అంకెల మీదికే పోతుంది. శ్రీరంగపట్నం వ్యవహారం అంకెల్లో చూస్తేనే అర్థమవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ రాత్రి సంగతి. మే 4 మధ్యాహ్నం ఒంటిగంట వేళ గోడకు పడ్డ గండిలోంచి దాడి మొదలైంది. నడిపించినవాడు మేజర్ జనరల్ డేవిడ్ బేయర్డ్. పొల్లిలూరు యుద్ధంలో దొరికిపోయి ఇదే ఊరి చెరలో నలభై నాలుగు నెలలు మగ్గినవాడు. సాయంత్రానికి కోట పడిపోయింది. చీకటి పడ్డాక దివిటీలతో శవాల కుప్పల్లో వెతికి టిప్పు దేహాన్ని గుర్తించారు. ఒకవైపు ఆ వెతుకులాట జరుగుతుండగానే ఊళ్ళో మిగతా సైన్యం ఇళ్ళ మీద పడింది. గెలిచిన సైన్యం ఆ పూట చేసిన పనిని ఆ సైన్యానికే చెందిన కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీ నాలుగు రోజుల తర్వాత అన్నకు రాసిన ఉత్తరంలో దాచకుండా చెప్పాడు. ఊళ్ళో దోపిడీకి గురికాని ఇల్లు దాదాపు లేదని, వెలలేని నగలు, బంగారు కడ్డీలు శిబిరం బజారులో సోల్జర్లు, సిపాయిలు, సైన్యం వెంట వచ్చిన జనం అమ్మకానికి పెట్టారని రాశాడు. మే 5 ఉదయం ఆయన ఊరి బాధ్యత తీసుకున్నాడు. కొందరిని ఉరి తీస్తే తప్ప ఇది ఆగదని పైఅధికారికి కబురు పంపి, నలుగురిని ఉరి తీయించి, ఎందరినో కొరడాలతో కొట్టించి సద్దుమణిగేలా చేశాడు.

కోట గెలిచింది బేయర్డ్ అయితే బాధ్యతలు వెల్లెస్లీకి ఎలా వచ్చాయని మీకు అనుమానం రావచ్చు. ఆయన అన్నగారు మార్నింగ్టన్ గవర్నర్ జనరల్. బేయర్డ్ చచ్చేదాకా ఆ కడుపుమంట మరిచిపోలేదు. అవినీతి అంటే బంగారు కడ్డీలే కానక్కరలేదు కదా.

ఇక మీ అసలు ప్రశ్న. ఉరికంబం ఎక్కిన ఆ నలుగురికీ, ఎక్కించిన వ్యవస్థకూ తేడా ఏమిటి? దోచుకోవడం తప్పని ఆ సైన్యం ఎన్నడూ అనుకోలేదు. పద్ధతి లేకుండా దోచుకోవడమే తప్పు. ఓడిన రాజు ఖజానా, నగలు, గుర్రాలు, గుడారాలు అన్నీ గెలిచిన సైన్యానివే. దాన్ని ప్రైజ్ అనేవారు. అధికారుల నుంచే ఒక కమిటీని వేస్తారు. ఆ కమిటీ నియమించిన ప్రైజ్ ఏజెంట్లు సొత్తుకు ముద్రలు వేసి, వెల కట్టి, వేలం పాడి, వచ్చిన మొత్తాన్ని హోదాల ప్రకారం వాటాలు వేస్తారు. శ్రీరంగపట్నంలో ఫిరంగులు, మందుగుండు మాత్రం వాటాల్లో కలపకుండా పక్కన పెట్టి, ఖజానా, ఆభరణాలు సైన్యానికి పంచడానికి మార్నింగ్టన్ అనుమతించాడు. కోటలో దొరికిన ఫిరంగులే 929.

మొత్తం ప్రైజ్ విలువ 11,43,216 పౌండ్లుగా తేలింది. ఇప్పుడు సర్వసేనాని జనరల్ జార్జ్ హారిస్ ఎంత తీసుకున్నాడో చూడండి: 1,42,902 పౌండ్లు. మొత్తాన్ని ఎనిమిదితో భాగించండి. ఒక్క పౌండు తేడా రాదు. మొదటిసారి ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసినప్పుడు నాకు ముచ్చట వేసింది. అంత శుభ్రమైన పద్దు నా సర్వీసులో అరుదుగా చూశాను. ఆయనేమీ తక్కెడ తిప్పలేదు, సంతకం ఫోర్జరీ చేయలేదు. సర్వసేనానికి ఎనిమిదో వంతు అనే ఆనవాయితీని అక్షరాలా అమలు చేశాడంతే. ఆ వాటా ఎక్కువని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లే తగాదా పెట్టుకుంటే అది లండన్‌లో పై కోర్టులాంటి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. అక్కడా హారిసే గెలిచాడు. ఒక మామూలు చర్చి క్యూరేటు (చిన్న పాదిరీ) కొడుకు, 1801 కల్లా కెంట్ కౌంటీలో బెల్మాంట్ అనే ఎస్టేటుకు యజమాని అయ్యాడు. 1815లో శ్రీరంగపట్నం, మైసూరు పేర్లు తగిలించుకుని బారన్ హారిస్ అయ్యాడు.

పట్టికలో కిందికి దిగుదాం. కల్నల్‌గా వెల్లెస్లీకి వచ్చింది సుమారు నాలుగు వేల పౌండ్లు. మామూలు ఇంగ్లీషు సోల్జరుకు ఏడు పౌండ్ల చిల్లర. సిపాయికి ఐదు పౌండ్లు. అంటే సేనానికి ఒక సోల్జరు కంటే ఇరవై వేల రెట్లు ఎక్కువ ముట్టింది. ఆ కాలంలో ఇంగ్లీషు సోల్జరు జీతం రోజుకు ఒక షిల్లింగు. ఏడు పౌండ్లంటే నూట నలభై షిల్లింగులు, అంటే నాలుగున్నర నెలల జీతం. గండిలోకి ముందుగా దూకినవాడికి కట్టిన వెల అది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ సోల్జరు చదువుకోనివాడైనా లెక్క రానివాడు కాదు. ఏజెంట్లు తలుపులకు ముద్రలు వేసేదాకా ఆగితే తన చేతికి ఏమి వస్తుందో అతనికి తెలుసు. ఆగకపోతే ఏమి రావచ్చో కూడా తెలుసు. ముద్ర పడే లోపు దొరికిన ఒక్క రాత్రి అతని సొంతం. క్రమశిక్షణ కట్టలు తెంచుకుందని చరిత్రకారులు తేలిగ్గా రాసేస్తారు. నాకు అలా అనిపించదు. పంపకం తీరే అతన్ని ఆ రాత్రి ఇళ్ళ మీదికి తోలింది.

పోనీ, ఆ రాత్రి దక్కినదైనా వాడికి నిలిచిందా అంటే అదీ లేదు. రాళ్ళ విలువ తెలియదు, దాచుకునే చోటు లేదు, తెల్లారితే సోదా, పట్టుబడితే కొరడా. అందుకే బంగారు కడ్డీ దొరికినవాడు సారా డబ్బులకే దాన్ని వదిలించుకున్నాడు. ఆనాటి కథనాల్లో పదే పదే కనిపించే సంఘటన ఒకటుంది. ఒక సోల్జరు తన చేతికి చిక్కిన వజ్రాల కడియాలను సైన్యంలోని డాక్టరుకు కారుచౌకగా అమ్మేశాడు. ఆ డాక్టరు తర్వాత వాటిని హైదరాబాదు నగల వర్తకుడికి చూపిస్తే ఒక జతకు వేలకు వేల వరహాలు కట్టి, రెండో జతకు వెల కట్టడం తన వల్ల కాదన్నాడట. ఈ బేరంలో దొంగ ఎవరు? ఇంట్లోంచి ఎత్తుకొచ్చినవాడికి కొరడా దెబ్బలు రాసిపెట్టి ఉన్నాయి. వాడి దగ్గర కొన్నవాడికి ఏ శిక్షా లేదు. శిబిరం బజారులో కొన్నవాళ్ళు ఎవరు అనే ప్రశ్న వెల్లెస్లీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

టిప్పు సింహాసనం గతి ఇంకా విచిత్రం. బంగారు రేకు తొడిగిన పెద్ద పులి మీద అమర్చిన పీఠం అది. చుట్టూ రత్నాలు పొదిగిన చిన్న పులి తలలు, పైన హుమా అనే కల్పిత పక్షి. వాటాలు వేయాలంటే పంచడానికి వీలవ్వాలి కదా. ప్రైజ్ ఏజెంట్లు దాన్ని ముక్కలు చేశారు. మార్నింగ్టన్‌కు దాన్ని అఖండంగా లండన్ పంపాలని ఉండేది. కబురు అందేసరికి పని పూర్తయింది. పెద్ద పులి తల, హుమా పక్షి ఇంగ్లండ్ రాజుల సంపదలో చేరాయి. చిన్న పులి తలల్లో ఒకటి వేల్స్‌లోని పోవిస్ కోటలో ఉంది, కొన్ని ఈ మధ్య దాకా వేలాల్లో తేలుతూ వచ్చాయి. 2021లో అలాంటి ఒక్క తలకు పదిహేను లక్షల పౌండ్ల విలువ కట్టి, దేశం దాటిపోకుండా బ్రిటిష్ ప్రభుత్వమే తాత్కాలికంగా అడ్డుకుంది. మన సొత్తు వాళ్ళ దేశం దాటితే వాళ్ళకు నష్టమట! టిప్పు శయనాగారంలో దొరికిన ఖడ్గాన్ని సైన్యం బేయర్డ్‌కు బహూకరించింది. 2023 మేలో లండన్ వేలంలో అది కోటీ నలభై లక్షల పౌండ్లు పలికింది. టిప్పు బట్టలను కూడా బహిరంగ వేలం వేయబోతే వెల్లెస్లీ అడ్డుపడ్డాడు. అభిమానులు కొనుక్కుని పవిత్ర వస్తువుల్లా దాచుకుంటారని ఆయన భయం.

అందరూ ఒకే తీరు అని చెప్పడం అన్యాయం అవుతుంది. 1792లో మొదటిసారి టిప్పు లొంగి సంధి చేసుకున్నప్పుడు అప్పటి సేనానులు కార్న్‌వాలిస్, మెడోస్ తమ ప్రైజ్ వాటాలు వదులుకున్నారు. 1799లో మార్నింగ్టన్ కూడా తనకివ్వజూపిన లక్ష పౌండ్లు వద్దన్నాడు. కానీ కంపెనీ ఏడాదికి ఐదు వేల పౌండ్ల చొప్పున ఇరవై ఏళ్ళు ఇస్తానంటే కాదనలేదు. లెక్క కట్టండి, అదీ లక్షే. టిప్పు నగలతో సెయింట్ పాట్రిక్ పతకం చేయించి సైన్యం ఇస్తే చివరికి అదీ తీసుకున్నాడు. పతకాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా: విజయానికి గుర్తుగా సింహం పులిని అణచివేస్తున్న బొమ్మతో పతకాలు పోయించారు. పెద్ద హోదాలకు బంగారం, తర్వాత బంగారు పూత వెండి, వెండి, కంచు, అట్టడుగున ఉన్నవాడికి తగరం. ప్రైజ్ పట్టికను లోహాల్లో పోస్తే వచ్చేది అదే.

గెలుపు తర్వాతి దోపిడీనే అందరూ చెబుతారు. గెలుపుకు ముందు జరిగిన దొంగతనం గురించి ఎవరూ మాట్లాడరు, ఖాతాలవాడిగా నాకు అదే ఎక్కువ ఆసక్తి. హారిస్ సైన్యం లక్ష ఎద్దులతో, వాటిని తోలే లెక్కలేనంత జనంతో కదిలింది. కోట ముందు దిగాక ఏప్రిల్ 16న బియ్యం కొలిపిస్తే ఆయన గుండె ఆగినంత పనైంది. పోరాడే సైనికులకు మాత్రమే, అదీ సగం రేషన్ చొప్పున ఇస్తే పద్దెనిమిది రోజులకు సరిపోతుంది. మిగతాది 'నష్టం వల్లో మోసం వల్లో' పోయిందని ఆయన తన డైరీలో రాసుకున్నాడు. గోతాల లెక్క కాగితం మీద ఒకటి, నేల మీద మరొకటి. మన స్టోర్స్ ఆడిట్‌లో పనిచేసినవాళ్ళెవరికీ ఈ వాక్యం కొత్తగా అనిపించదు. కోట మీద దాడికి అంత తొందర పడటానికి ఆ ఖాళీ గోతాలు ఒక పెద్ద కారణం.

ఇంకో పదేళ్ళు ముందుకు వెళ్తే కథ రంజుగా ఉంటుంది. మద్రాసు సైన్యంలో సిపాయి దళాలను నడిపే అధికారులకు 'టెంట్ కాంట్రాక్టు' ఉండేది. గుడారాల కోసం నెలనెలా నిర్ణీత మొత్తం వాళ్ళ చేతికే ఇస్తారు. శాంతికాలంలో గుడారాలు కొన్నా కొనకపోయినా డబ్బు మాత్రం వస్తుంది. ఇది అధికారి లాభానికి, సైనికుడి అవసరానికి మధ్య తగువు పెడుతోందని క్వార్టర్‌మాస్టర్ జనరల్ జాన్ మన్రో నివేదిక ఇచ్చాడు. 1808లో ఆ కాంట్రాక్టును రద్దు చేశారు. కంటోన్మెంట్ బజార్లలో సారా మీద అధికారులు తినే సుంకం అప్పటికే పోయింది. అంతే, 1809లో తెల్ల అధికారులే తిరగబడ్డారు. మన మచిలీపట్నంలో మొదలై హైదరాబాదు, జాల్నా, శ్రీరంగపట్నం దాకా పాకింది. పదేళ్ళ కిందట దోపిడీ చేశాడని సోల్జరును ఉరితీసిన కోటలోనే, పై ఆదాయం పోయిందని అధికారులు తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఎవరినీ ఉరి తీయలేదని వేరే చెప్పాలా? ఆ ఏడాది నుంచే సైన్యాన్ని శ్రీరంగపట్నం దోమల నుంచి తప్పించి బెంగళూరుకు తరలించడం మొదలైంది. మనం కంటోన్మెంట్ అని పిలుచుకునే సగం ఊరు అలా పుట్టింది.

బెంగళూరు కూడా ఈ అనుభవం తప్పించుకోలేదు. 1791 మార్చి 7న కార్న్‌వాలిస్ సైన్యం పేటలోకి చొరబడింది. చాలామంది జనం ముందే పారిపోయారు. వదిలిపోయిన బట్టల మూటలు, ధాన్యం సైన్యం పాలయ్యాయి. రెండు వారాల తర్వాత, 21 రాత్రి, కోట పడింది. కిల్లేదారు (కోట అధిపతి) బహదూర్ ఖాన్ పోరాడుతూ చనిపోయాడు. కె.ఆర్. మార్కెట్ దగ్గర మిగిలిన కోటగోడకు ఆ గండి చోటు తెలిపే పలక ఇప్పటికీ ఉంది. బస్సుల హోరులో ఎవరూ పట్టించుకోరు, ఓసారి ఆగి చూడండి. అదే ఏడాది ఆంగ్లేయుల మిత్రులైన మరాఠా సైన్యం వెంట వచ్చిన గుర్రపు మూకలు శృంగేరి మఠాన్ని దోచుకున్నాయి. మఠాన్ని నిలబెట్టడానికి టిప్పు ధనధాన్యాలు పంపాడు. నవ్వుతూ చేసిన పాపాన్ని ఏడుస్తూ అనుభవిస్తారనే శ్లోకం ఉటంకిస్తూ స్వామివారికి ఉత్తరం రాశాడు. ఆ టిప్పు సైన్యం కొడగులో, మలబారులో ఏమి చేసిందో అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. జీతం బదులు దోపిడీ హక్కునే ఇచ్చి పిండారీలను వెంట తిప్పుకోవడం ఆ కాలంలో రివాజు.

తెలుగువాళ్ళ సంగతి. ఉన్నారు, కంపెనీ వైపు, నిజాం వైపు రెండింటా ఉన్నారు. మద్రాసు సైన్యపు సిపాయిల్లో ఉత్తర సర్కారుల నుంచి చేరిన తెలుగువాళ్ళు చాలామంది. నిజాం దళం మీర్ ఆలం ఆధ్వర్యంలో వచ్చి, ప్రైజ్‌లో వాటా తీసుకుంది. ఆ వాటా సొమ్ముతోనే హైదరాబాదులో మీర్ ఆలం చెరువు కట్టించాడని చెబుతారు. జూ పార్కు పక్కన ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులతో ఉన్న ఆ కట్ట 1806లో పూర్తయింది. దోపిడీ సొమ్ముతో ఊరికి దశాబ్దాల తరబడి తాగునీరు అందిన ఉదాహరణ నాకు తెలిసి ఇదొక్కటే.

మీది గుత్తి ప్రాంతం అన్నారు కాబట్టి ఇంకో మాట. అసలు పెద్ద వాటా నగల్లో లేదు, నేలలో ఉంది. 1792లో కడప, గండికోట వైపు, 1799లో గుత్తి వైపు భూములు టిప్పు రాజ్యం నుంచి కోసి నిజాంకు ఇచ్చారు. 1800 అక్టోబరులో, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ దళాల ఖర్చుకింద నిజాం ఆ భూములను కంపెనీకే రాసిచ్చాడు. దత్త మండలాలు అలా ఏర్పడ్డాయి. అంటే మీ ఊరు రెండేళ్ళ లోపే టిప్పు, నిజాం, కంపెనీ అని మూడు చేతులు చూసింది, చివరికి సైన్యం జీతాల పద్దులో జమ అయింది. ప్రైజ్ ఏజెంట్లు వేలం వేయని ఆస్తి అది.

దోపిడీ గెలుపునే మింగేసిన సందర్భమూ మన పక్కనే ఉంది. టిప్పు కొడుకులను వేలూరు కోటలో ఉంచారు. 1806 జులై 10 తెల్లవారుజామున సిపాయిలు తిరగబడి కోటను పట్టుకున్నారు. పట్టుకున్నాక తలుపులు కాచుకోవడం మాని చాలామంది లూటీలో పడ్డారు. ఆర్కాటు నుంచి గిలెస్పీ అనే ఇంగ్లీషు అధికారి గుర్రపు దళంతో ఆ ఉదయమే వచ్చి తిరిగి లాక్కున్నాడు. వెల్లెస్లీకీ ఇదే పాఠం మరో రూపంలో ఎదురైంది. అప్పటికి పేరు మారి వెల్లింగ్టన్ అయ్యాడు. 1813లో స్పెయిన్‌లోని విటోరియాలో గెలిచాక ఆయన సోల్జర్లు ఓడిన రాజు, నెపోలియన్ అన్న జోసెఫ్ బళ్ళ మీద పడి, శత్రువును తరమడం మరిచారు. ఆయన కోపంతో వాళ్ళను నేల మీది మడ్డి అని తిట్టిపోశాడు. అదే బళ్ళలో దొరికిన స్పెయిన్ రాజుల వర్ణచిత్రాలు లండన్‌లో ఆయన ఇంటి గోడలెక్కాయి, తర్వాత తిరిగి గద్దెకెక్కిన అసలు స్పెయిన్ రాజు వాటిని ఆయననే ఉంచుకోమన్నాడు. మడ్డికి, దొరకు తేడా అక్కడుంది.

ప్రైజ్ తగాదాలు తర్వాత దశాబ్దాల పాటు సాగాయి. 1817-18 మరాఠా యుద్ధం ప్రైజ్‌లో ఎవరికెంత అని రెండు సైన్యాల సేనానులు తగువుపడి, పంపకం 1820ల దాకా సాగింది. అప్పటికి ఎంతమంది సోల్జర్లు బతికున్నారో ఊహించుకోండి. 1826లో భరత్‌పూర్ కోటను వాళ్ళు పట్టుకుంది అక్కడి అసలు వారసుణ్ణి గద్దె ఎక్కించడానికి. ఎక్కించాక అతని ఖజానానే ప్రైజ్ అని పంచుకున్నారు. అది తమకే సిగ్గుచేటని కంపెనీ అధికారి చార్లెస్ మెట్‌కాఫ్ అప్పుడే రాశాడు. సేనాని కాంబర్‌మియర్ తన వాటా సుమారు అరవై వేల పౌండ్లను కలకత్తాలో ఒక కంపెనీ దగ్గర దాచుకుంటే ఆ కంపెనీ దివాలా తీసింది. ఈ ముక్క చదివినప్పుడు నేను సంతోషించానని ఒప్పుకుంటాను. 1858లో విట్‌లాక్ నడిపిన మద్రాసు దళం బాందా, కిర్వీలలో పట్టిన సొమ్ము మీద కేసు 1866లో గానీ తేలలేదు.

ఇప్పుడు చట్టం ఏమంటుందని అడిగారు. నేల మీద ప్రైజ్ అనేది లేదు. 1907 హేగ్ నిబంధనలు, 1949 నాలుగో జెనీవా ఒప్పందం దోపిడీని నిషేధించాయి. మన 1950 ఆర్మీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం దోచుకునే ఉద్దేశంతో ఇంట్లోకి బద్దలుకొట్టి చొరబడితే యుద్ధ విధుల్లో ఉన్నప్పుడైతే 14 ఏళ్ళ దాకా, లేకుంటే 7 ఏళ్ళ దాకా జైలు. సముద్రం మీద మాత్రం పట్టుబడ్డ ఓడలకు 1971 నాటి చట్టం ఒకటి ఉంది. పేరులో ప్రైజ్ అని ఉన్నా ఆ సొత్తు ప్రభుత్వానిదే, నావికుడికి వాటా లేదు. చట్టం ఉంటే చాలదని చెప్పడానికి పరాయి దేశం పోనక్కరలేదు. 1948 పోలీసు చర్య తర్వాత నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, కొన్ని చోట్ల సైన్యానికి, స్థానిక పోలీసులకు చెందినవారు లూటీలో పాల్గొన్నారనడానికి తిరుగులేని సాక్ష్యం ఉందని రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. అయినా 1799కీ ఇప్పటికీ ఒక మార్పు ఉంది. అప్పుడు సేనాని వాటాను చట్టమే కాపాడింది, ఇప్పుడు సేనాని ఒక్క చెంచా పట్టుకెళ్ళినా అది దొంగతనమే.

ఇక మీ బాకు. తొందరపడి డబ్బు ఇవ్వకండి. 'దోపిడీలో దొరికింది' అనే కథే దాని ధర పెంచుతోంది, ఆ కథకు కాగితం ఉండదు. లండన్ వేలాల్లో కోట్లు పలికేవి ఫలానా అధికారి కుటుంబం నుంచి ఫలానా ఉత్తరంతో వచ్చినవి. సోల్జరు సంచిలో పోయిన వస్తువుకు వంశవృక్షం దొరకదు. వందేళ్ళు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి, దేశం బయటికి పంపడానికి వీల్లేదు. ముందు ఆ లైసెన్సు చూపించమనండి. మొహం మాడ్చుకుంటే అక్కడే ఆగిపోండి.

చూపిస్తే, వస్తువు మీద పులిచారల చెక్కడం చూసి మురిసిపోకండి, ఆ చారలు ఎవరైనా యాసిడ్‌తో నిన్ననే పెట్టగలరు. తేదీ చెక్కి ఉందేమో చూడండి. టిప్పు తన పాలనలో మౌలూదీ అనే కొత్త శకం తెచ్చాడు, ఆ తేదీల అంకెలను కుడి నుంచి ఎడమకు రాయించాడు. నకిలీలు చేసేవాళ్ళు మామూలు అలవాటు ప్రకారం ఎడమ నుంచి చెక్కేస్తుంటారు. అంకెలుంటే పగటి వెలుతురులో, దగ్గరగా, పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, పిడి కింద అతుకు కనబడేలా ఇంకొకటి కూడా. ధర ఎంత చెప్పాడో కూడా రాయండి.